క్యాన్సర్ జన్యువులు, మైక్రో ఆర్ఎన్ఏ, నా ఉద్యోగం: గుంటూరు, విజయవాడ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మాలిక్యులర్ బయాలజిస్టుని. పుట్టింది తెనాలి దగ్గర ఒక పల్లెలో. ఇంటర్, డిగ్రీ విజయవాడలో, పీహెచ్‌డీ హైదరాబాద్‌లో. కొన్నేళ్ళు అమెరికాలో పనిచేసి వెనక్కి వచ్చాను, ఇప్పుడు గుంటూరు, విజయవాడల మధ్యే ఉంటున్నాను. క్యాన్సర్ కణాల్లో మైక్రో ఆర్ఎన్ఏలు ఎలా దారి తప్పుతాయో చూడటం నా పని. పెళ్ళి భోజనాల దగ్గర, కాలేజీలో మాట్లాడి వచ్చేటప్పుడు, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పక్క సీటువాళ్ళు అడిగినవే ఇక్కడ రాశాను.

మీరు డాక్టరా? మా రిపోర్టు ఒకసారి చూస్తారా?

కాదండీ. నా పేరు ముందున్నది పీహెచ్‌డీ డాక్టరు. రిపోర్టులో ఉన్న మాటలకు అర్థం చెప్పగలను. ఏ మందు వాడాలో చెప్పలేను, చెప్పకూడదు కూడా.

అసలు మైక్రో ఆర్ఎన్ఏ అంటే ఏమిటి? బైపీసీ చదవని వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండి.

పెళ్ళివంటలు ఊహించుకోండి. వంటమేస్త్రి దగ్గర ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. అన్ని వంటలూ అందులోనే రాసి ఉంటాయి, కానీ ఆ పుస్తకం గదిలోంచి బయటికి రాదు. అది డీఎన్ఏ. ఆ పూటకు కావాల్సిన వంట వరకు చీటీ మీద రాసి పొయ్యిల దగ్గరికి పంపుతారు. ఆ చీటీ మెసెంజర్ ఆర్ఎన్ఏ. చీటీ చూసి వండిన పులిహోర ప్రొటీను అనుకోండి.

ఇప్పుడు పొయ్యిల మధ్య ఒక పెద్దాయన తిరుగుతుంటాడు. "చాల్లే, ఇంక పులిహోర కలపకండి" అని ఒక చీటీ మీద చెయ్యి అడ్డం పెడతాడు, ఇంకో చీటీ చింపేస్తాడు. ఆయన వండడు, వడ్డించడు. ఆయన లేకపోతే మాత్రం పులిహోర గుండిగలు పొంగిపోతాయి, పప్పు అడుగంటుతుంది. ఆ పెద్దాయనే మైక్రో ఆర్ఎన్ఏ.

ఆర్ఎన్ఏని రాసే రసాయన అక్షరాల్లో కొలిస్తే దాని పొడవు సుమారు 22 అక్షరాలు, అంతే. అందులోనూ మొదట్లో ఉండే ఏడెనిమిది అక్షరాలు చీటీతో జత కుదిరితే చాలు, పట్టుకుంటుంది. అందుకే ఒక్క మైక్రో ఆర్ఎన్ఏ వందల చీటీల మీద చెయ్యి వేయగలదు, ఒకే చీటీ మీద నలుగురైదుగురు పెద్దాయనలు చెయ్యి వేయనూవచ్చు. మనుషుల్లో ఇలాంటివి రెండు వేలకు పైగా నమోదయ్యాయి. వాటిలో కొన్ని నిజంగా పనిచేసేవేనా అని మాలో మాకు వాదనలున్నాయి, అది వేరే సంగతి.

పుట్టేటప్పుడు ఇంత పొట్టిగా ఉండదు. ముందు పొడవాటి దారం తయారవుతుంది. కణ కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైము దాన్ని కత్తిరిస్తుంది. బయటికి వచ్చాక డైసర్ అనే ఇంకో ఎంజైము మళ్ళీ కత్తిరిస్తుంది. మిగిలిన ముక్క ఆర్గొనాట్ అనే ప్రొటీను ఒళ్ళో కూర్చుని పని మొదలుపెడుతుంది.

ఇంత చిన్నదాన్ని ఎవరు కనిపెట్టారు?

ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో దొరికింది. సీ. ఎలిగాన్స్ అంటారు. పెద్దదైన పురుగు మొత్తం ఒంట్లో 959 కణాలే ఉంటాయి, పునరుత్పత్తి కణాలు కాకుండా. అందులో లిన్-4 అనే జన్యువు పాడైతే పురుగు ఎదగాల్సిన పద్ధతిలో ఎదగదు. విక్టర్ ఆంబ్రోస్ ఆ జన్యువు వెంట పడ్డాడు. గ్యారీ రవ్కున్ లిన్-14 అనే ఇంకో జన్యువు మీద పనిచేస్తున్నాడు. లిన్-4 ప్రొటీను ఇస్తుందనుకున్నారు, ఇవ్వలేదు. దొరికింది 22 అక్షరాల ఆర్ఎన్ఏ ముక్క. ఇద్దరూ తమ తమ జన్యువుల అక్షర వరుసలను పక్కపక్కన పెట్టి చూసుకుంటే అవి ఒకదానికొకటి జత కుదిరాయి. 1993లో పేపర్లు అచ్చయ్యాయి.

దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పురుగులో ఉన్న వింత అనుకున్నారు. 2000లో రవ్కున్ బృందమే లెట్-7 అనే రెండోదాన్ని పట్టుకుంది. అది ఈగల్లో ఉంది, చేపల్లో ఉంది, మనుషుల్లో కూడా ఉంది. అప్పుడు కదిలింది లోకం. 2024లో ఇద్దరికీ వైద్య విభాగంలో నోబెల్ ఇచ్చారు.

నాకు ఇందులో నచ్చే సంగతి ఒకటుంది. అంతకుముందు కూడా ల్యాబుల్లో ఆర్ఎన్ఏ తీసినవాళ్ళు బోలెడుమంది. ముక్కల్ని పొడవుల వారీగా వేరుచేసే జెల్‌లో అడుగుకి జారిపోయే పొట్టివాటిని విరిగిపోయిన చెత్త అనుకుని వదిలేసేవాళ్ళు.

దీనికీ క్యాన్సర్‌కీ సంబంధం ఏమిటి?

క్యాన్సర్ అంటే కణం ఆగాల్సిన చోట ఆగకపోవడం. "చాల్లే" అనే పెద్దాయన మాయమైతే జరిగేది అదే.

దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో చాలామందికి 13వ క్రోమోజోములో ఒక ముక్క ఊడిపోయి ఉంటుంది. అక్కడ క్యాన్సర్‌ను ఆపే జన్యువు ఏదో ఉండాలని ఏళ్ళ తరబడి వెతికారు. ప్రొటీను ఇచ్చే జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షించారు, ఏదీ సరిపోలేదు. 2002లో జార్జ్ కాలిన్, కార్లో క్రోచే బృందం ఆ ముక్కలో ఉన్నవి మిర్-15, మిర్-16 అనే రెండు మైక్రో ఆర్ఎన్ఏలని చూపించింది. అవి బీసీఎల్-2 అనే ప్రొటీనును అదుపులో పెడతాయని తర్వాత తేలింది. బీసీఎల్-2 ఎక్కువైతే చావాల్సిన కణం చావదు.

రెటినోబ్లాస్టోమా అని పసిపిల్లల కంట్లో వచ్చే క్యాన్సర్ ఒకటుంది. ఫొటో తీస్తే కంటిపాప తెల్లగా మెరుస్తుంది. దానికి కారణమైన ఆర్‌బీ1 జన్యువు ఉండేది కూడా 13వ క్రోమోజోము మీద అదే వీధిలో. ఆ జబ్బు లెక్కలు చూసే 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ "రెండు దెబ్బలు" సిద్ధాంతం చెప్పాడు. జన్యువుకు రెండు ప్రతులుంటాయి, రెండూ పాడైతేనే గడ్డ వస్తుంది, ఒకటి పుట్టుకతోనే పాడై ఉన్న బిడ్డకు ఇంకో దెబ్బ చాలు. ఇప్పటికీ మా విద్యార్థులకు మొదటి క్లాసు అదే చెబుతాను. (మీ పాప ఫొటోలో ఒక కన్నే తెల్లగా మెరిస్తే ఈ పేజీ చదవడం ఆపి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.)

అన్ని మైక్రో ఆర్ఎన్ఏలూ మంచివి కావు. మిర్-21 చాలా రకాల గడ్డల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అది అడ్డుకునేది క్యాన్సర్‌ను ఆపాల్సినవాళ్ళనే, పోలీసుని కట్టేసే దొంగ లాగా.

మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాకూ వస్తుందా?

ఎక్కువమంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది.

క్యాన్సర్ జన్యువుల జబ్బే, కానీ ఎక్కువగా వంశపారంపర్యం కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం టెన్షన్. బతికినంత కాలంలో ఏదో ఒక కణంలో పడే తప్పులే ఎక్కువ, అవి పిల్లలకు రావు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన మార్పు వల్ల వచ్చేవి మొత్తం క్యాన్సర్లలో నూటికి 5 నుంచి 10 దాకా ఉంటాయి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అని వినే ఉంటారు, పాడైతే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువులు. మొదటిది 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో మేరీ క్లేర్ కింగ్ చూపించింది. ఈ జన్యువుల్లో అలాంటి మార్పు తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. కొడుకులకూ రావచ్చు, వాళ్ళ నుంచి మనవరాళ్ళకూ పోవచ్చు. నాన్నవైపు చరిత్ర అడగని డాక్టరుకు మీరే చెప్పండి.

చిన్న వయసులోనే రావడం, రెండు రొమ్ముల్లోనూ రావడం, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉండటం, ఇలాంటివి ఉంటే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళి, అవసరమంటేనే పరీక్ష చేయించుకోండి. ముందు జబ్బు వచ్చిన మనిషికి పరీక్ష చేస్తేనే ఫలితం స్పష్టంగా ఉంటుంది.

మనవైపు పెద్ద అడ్డంకి ఒకటుంది. సంబంధాలు చెడిపోతాయని ఇంట్లో క్యాన్సర్ సంగతి దాచేస్తారు. "మేనత్తకి కడుపులో గడ్డ" అంటారు. ఏ గడ్డ, ఏ వయసులో, ఎవరికీ తెలియదు. మూడు తరాల వివరాలు కాగితం మీద రాసి పెట్టుకుంటే అది మీ పిల్లలకు పనికొస్తుంది.

గుంటూరు కారం తింటే క్యాన్సర్ వస్తుందా?

కారం వల్ల వస్తుందని తేల్చి చెప్పేంత ఆధారం లేదు. నేను రోజూ తింటాను.

కారం సంగతి పక్కన పెట్టి మిరపకాయ ఎలా ఎండిందో అడగండి. కళ్ళాల్లో కాయ ఆరబోసినప్పుడు అకాల వర్షం పడి, పరదా కప్పి ఉంచితే లోపల చెమ్మకి బూజు పడుతుంది. ఆస్పర్జిల్లస్ అనే ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. వేరుశనగలో, మొక్కజొన్నలో కూడా అంతే. దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో పెట్టింది. కాలేయంలో అది చేసే పని చూస్తే వేలిముద్ర వదిలిన దొంగ గుర్తొస్తాడు. పీ53 అనే కాపలా జన్యువులో 249వ మాట (మూడక్షరాల గుంపు) దగ్గర జీ అక్షరం తీసేసి టీ పెడుతుంది. అఫ్లటాక్సిన్ ఎక్కువగా తినే ప్రాంతాల్లో కాలేయ గడ్డల్లో పదేపదే ఇదే మార్పు కనిపించింది. హెపటైటిస్-బి కూడా తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. యూరప్ దేశాలు మిరపకాయల్లో కిలోకి మొత్తం 10 మైక్రోగ్రాముల అఫ్లటాక్సిన్ దాటితే సరుకు వెనక్కి పంపుతాయి. యార్డులో ఎగుమతి వ్యాపారులు చెమ్మ అంత పట్టి పట్టి చూసేది అందుకే. మీరు చేయగలిగింది, చవగ్గా వస్తుందని బూజు వాసన వచ్చే తాలు కాయ కారం కొనకపోవడం.

పొగాకు సంగతి వేరే చెప్పాలా? పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం 1976 నుంచి గుంటూరులోనే ఉంది, పంట మనదే, జబ్బూ మనదే. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్ళు చుట్ట నిప్పు చివర నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కి, ఆ అలవాటుకి ఉన్న సంబంధం ప్రపంచ వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది.

ఒక్క రక్తపరీక్షతో క్యాన్సర్ ముందే తెలుస్తుందటగా, మైక్రో ఆర్ఎన్ఏతో?

ఆశ ఉంది. రక్తంలో కూడా మైక్రో ఆర్ఎన్ఏలు తిరుగుతుంటాయి, గది వేడికి మామూలు ఆర్ఎన్ఏ కన్నా బాగా తట్టుకుంటాయి. కానీ ఆ ఆశ మీద నేను మూడు వారాలు మోసపోయిన కథ చెబుతాను.

ఒక ఆసుపత్రి నుంచి క్యాన్సర్ రోగుల రక్తం వచ్చేది. ఆరోగ్యవంతుల రక్తం మా ల్యాబ్‌లో మేమే తీసేవాళ్ళం. రోగుల్లో మిర్-451 విపరీతంగా ఎక్కువ కనిపించింది. మా యంత్రం సైకిళ్ళలో లెక్క చెబుతుంది, ఒక సైకిలు తేడా అంటే రెట్టింపు. మాకు ఐదు సైకిళ్ళ తేడా వచ్చింది, అంటే 32 రెట్లు. పేపరు పేరు కూడా ఆలోచించేశాం.

ఒకరోజు ఫ్రీజరు సర్దుతుంటే ట్యూబులు వెలుతుర్లో పట్టుకుని చూశాను. మావి గడ్డినీళ్ళ రంగులో ఉన్నాయి. ఆసుపత్రివి లేత గులాబీ రంగు. రక్తం తీసేటప్పుడు సన్నటి సూదితో బలంగా లాగారు, పైగా మే నెలలో ఆటోలో ఐస్ కరిగిపోయిన థర్మాకోల్ డబ్బాలో వచ్చాయి. ఎర్రకణాలు పగిలిపోయాయి. మిర్-451 ఎక్కువగా ఉండేదే ఎర్రకణాల్లో! మేం కొలిచింది క్యాన్సర్‌ని కాదు, ఎవరి చేతులు రక్తం తీశాయన్నది. ఒక్క ట్యూబు తప్ప అన్నీ పారేసి, రోగుల దగ్గరా ఆరోగ్యవంతుల దగ్గరా ఒకే మనిషి ఒకే సూదితో తీసి, గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పే ఏర్పాటు చేసుకున్నాం. ఆ 32 రెట్లు మాయమైపోయాయి.

కాబట్టి ఎవరైనా మైక్రో ఆర్ఎన్ఏ పరీక్షతో అన్ని క్యాన్సర్లూ చెప్పేస్తామని ప్యాకేజీ అమ్మితే డబ్బు పెట్టకండి.

ల్యాబ్‌లో రోజంతా ఏం చేస్తారు?

పిపెట్‌తో ఒక ట్యూబులోంచి ఇంకో ట్యూబులోకి కంటికి ఆనని నీళ్ళు మార్చడం. ఇది జోకు కాదు.

పొద్దున్నే కణాలు పెంచే కల్చర్ గదికి వెళ్ళి కణాలు చూస్తాం. రెండు మూడు రోజులకోసారి వాటి తిండి మార్చాలి, ఆదివారమైనా సంక్రాంతైనా. ఆర్ఎన్ఏ తీసే రోజు కణాల్ని కరిగించే ట్రైజాల్ అనే ద్రవం పోసి, క్లోరోఫామ్ కలిపి తిప్పితే మూడు పొరలు విడతాయి. కింద గులాబీ, మధ్యలో తెల్లటి పొర, పైన నీళ్ళలాంటిది. మనకు కావలసింది పైదే. దురాశతో చివరి బొట్టు దాకా లాగితే మధ్యపొర కూడా వచ్చి అంతా పాడవుతుంది. మన చేతి చర్మం మీద, ఉమ్ములో ఆర్ఎన్ఏని తినేసే ఎంజైములుంటాయి, అందుకే గ్లవ్స్ వేసుకున్నాక ఫోను ముట్టుకున్నవాళ్ళని నేను కేకలేస్తాను.

పీహెచ్‌డీ మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మామూలు కాలమ్ కిట్‌తో ఆర్ఎన్ఏ శుభ్రం చేశాను. చాలా మామూలు కిట్లు 200 అక్షరాల లోపు ముక్కల్ని కడిగి పారేస్తాయి. నేను వెతుకుతున్నది 22 అక్షరాలది. రెండు నెలలు దేనికోసం పనిచేశానో దాన్నే శ్రద్ధగా పారబోశాను. కిట్ కాగితంలో చిన్న అక్షరాల్లో రాసే ఉంది. అప్పటినుంచి ఆ కాగితం ఎప్పుడూ చివరిదాకా చదువుతాను.

ఏం చదవాలి? ఏ పరీక్షలు రాయాలి?

ఇంటర్ బైపీసీ. తర్వాత బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, జువాలజీ, బోటనీ ఏదైనా పర్లేదు, కెమిస్ట్రీ మాత్రం వదలొద్దు. ఇంటర్ అవగానే నేరుగా వెళ్ళాలంటే తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ళ కోర్సు ఉంది. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, గ్యాట్-బి, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ. ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్ఐఆర్ నెట్ జేఆర్‌ఎఫ్, డీబీటీ, ఐసీఎంఆర్ జేఆర్‌ఎఫ్‌లు. జేఆర్‌ఎఫ్ అంటే పీహెచ్‌డీ చేసేవాళ్ళకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్. నెట్‌లో సి భాగం బట్టీ పడితే రాదు, ప్రయోగం ఇచ్చి ఫలితం అడుగుతారు.

నీట్ రాలేదు. ఇంట్లోవాళ్ళు "పోనీ బయోటెక్నాలజీ చెయ్" అంటున్నారు. చేయమంటారా?

"పోనీ" అన్న మాట నాకు నచ్చదు. నీట్‌లో జవాబు నాలుగింట్లో ఒకటి ఖాయంగా ఉంటుంది. ఇక్కడ నాలుగూ తప్పు కావచ్చు, ప్రశ్నే తప్పు కావచ్చు. పది ప్రయోగాలు చేస్తే ఏడు పనిచేయవు, ఎందుకు పనిచేయలేదో వెతకడం సరదాగా అనిపించేవాళ్ళే నిలబడతారు. ఒక వేసవి ఏదైనా ల్యాబ్‌లో పనిచేసి చూడండి, తర్వాత తేల్చుకోండి. మార్కులు తక్కువొచ్చి వచ్చినవాళ్ళలో అద్భుతంగా చేసినవాళ్ళు నాకు తెలుసు.

జీతం ఎంత వస్తుంది?

జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ ఐదారేళ్ళు పడుతుంది. మీతో ఇంటర్ చదివి సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళినవాళ్ళు ఆలోగా ఫ్లాట్ కొంటారు. ఫెలోషిప్ కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యమవుతుంది, చేతిలో మూణ్ణెల్ల ఖర్చు ఉంచుకోండి.

అమ్మాయి పీహెచ్‌డీ అయ్యేసరికి 29 వస్తాయి. పెళ్ళి?

మా అమ్మ కూడా ఇదే అడిగింది. థీసిస్ రాసేటప్పుడే పెళ్ళయింది. సంబంధం చూసేటప్పుడే "రాత్రి పదికి ల్యాబ్‌కి వెళ్ళాల్సి రావచ్చు" అని చెప్పించాను. ఒక సంబంధం అక్కడే ఆగిపోయింది, ఆగడమే మంచిదైంది.

తెలుగు మీడియం వాళ్ళు చేయగలరా?

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మొదటి ఏడాది పేపరు చదవడానికి రెండు రోజులు పట్టేది. తర్వాత అర్థమైంది, ఈ పేపర్లలో వాడే మాటలు కొన్ని వందలే, అవే తిరిగి తిరిగి వస్తాయి.

విజయవాడ, గుంటూరులోనే ఉండి ఈ పరిశోధన చేయొచ్చా?

పదేళ్ళ కిందటికన్నా ఇప్పుడు నయం. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, నాగార్జున యూనివర్సిటీ, చుట్టుపక్కల ప్రైవేటు యూనివర్సిటీలు ఉన్నాయి. రోగులు ఇక్కడే ఉన్నారు కాబట్టి శాంపిళ్ళ విషయంలో హైదరాబాద్ కన్నా మనకే అనుకూలం. ఇబ్బందల్లా రీఏజెంట్లు, అంటే ప్రయోగాలకు వాడే రసాయనాలు. ఆర్డరు పెడితే వారాలు పడుతుంది. వేసవిలో కరెంటు పోతే మైనస్ 80 ఫ్రీజరు దగ్గర కాపలా పడుకున్న రాత్రులున్నాయి.

ల్యాబే లేకపోయినా ఒక పని చేయొచ్చు. అమెరికా ప్రభుత్వ టీసీజీఏ ప్రాజెక్టు 11,000 మందికి పైగా రోగుల, 33 రకాల క్యాన్సర్ల సమాచారం అందరికీ తెరిచి పెట్టింది, మైక్రో ఆర్ఎన్ఏ లెక్కలతో సహా. ఆర్ (R) లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని బెంజి సర్కిల్ హాస్టల్లో కూర్చునే దాన్ని తవ్వవచ్చు. ఏ మైక్రో ఆర్ఎన్ఏ ఏ చీటీని పట్టుకుంటుందో ఊహించే సాఫ్ట్‌వేర్లు వందల పేర్లు ఇస్తాయి, అన్నీ నమ్మేయకండి, ఏడెనిమిది అక్షరాలు యాదృచ్ఛికంగా ఎక్కడైనా కలుస్తాయి.

ఏమ్మా, ఇన్నేళ్ళయింది, క్యాన్సర్‌కి మందు కనిపెట్టావా?

మా పెద్దమ్మ ప్రతి సంక్రాంతికీ అడుగుతుంది. లేదు పెద్దమ్మా.

మైక్రో ఆర్ఎన్ఏనే మందుగా ఇవ్వాలని చూసినవాళ్ళున్నారు. మిర్-34 అనేది గడ్డల్ని ఆపుతుందని తెలిసి, దాని నకలుని కొవ్వు బుడగల్లో పెట్టి 2013లో మనుషుల మీద పరీక్ష మొదలుపెట్టారు. రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడింది, కొందరు చనిపోయారు, 2016లో ఆపేశారు. వందల చీటీల మీద చెయ్యి వేసేదాన్ని ఒళ్ళంతా పంపితే ఏమవుతుందో చూపించిన పరీక్ష అది. దీనికి దాయాది వరసయ్యే చిన్న ఆర్ఎన్ఏ మందు ఒకటి, పాటిసిరాన్, 2018లో అనుమతి పొందింది, అది క్యాన్సర్‌కి కాదు, నరాలు దెబ్బతినే ఒక వారసత్వ జబ్బుకి.

మందు కావాలంటే మనవాడి కథే చెబుతాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది, తర్వాత దాన్ని అడ్డుకునే పదార్థాలు తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గడం 1948లో ప్రకటించాడు. అదే ఏడాది సుబ్బారావు పోయారు. ఆ మందుల కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇప్పటికీ గుంటూరు ఆసుపత్రుల్లో రోజూ ఎక్కిస్తున్నారు.

మీ ల్యాబ్ చూడటానికి పిల్లల్ని తీసుకురావచ్చా?

తీసుకురండి, ఒక్కసారికి పదిమందికి మించకుండా, మంగళవారమో గురువారమో. చెప్పులు వద్దు, బూట్లు వేసుకురావాలి. జడ ముడి వేసుకోవాలి. ఐస్ బకెట్‌లో గుచ్చి ఉన్న ట్యూబులు ముట్టుకోవద్దని దారిలోనే చెప్పండి. గులాబీ రంగు ట్యూబు ఒకటి దాచి ఉంచాను, అది మాత్రం అందరికీ చూపిస్తాను.